నెడ్ స్టార్క్‌ని చంపింది నేను కాదండీ!

పోయిన నెల ఈ పేజీలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' గురించి చెబుతూ, "గుండె దిటవు ఉన్నవాళ్ళు చదవండి" అని ఒక ముక్క అన్నాను. అది 1996లో వచ్చిన ఇంగ్లీషు నవల. రాజులు, కోటలు, డ్రాగన్లు, మంచులోంచి లేచొచ్చే శవాలు, వాటన్నిటికంటే భయంకరమైన చుట్టాలు. ఇదీ అందులో సరుకు. ఈ బాపతు కథల్ని ఇప్పుడు డార్క్ ఫాంటసీ అంటున్నారు. టీవీ సీరియల్‌గా వచ్చాక పిల్లలకు తెలిసింది, పిల్లల వల్ల పెద్దలకు తెలిసింది.

నా మాట పట్టుకుని కొన్నవాళ్ళు, కొని మధ్యలో వదిలేసినవాళ్ళు, పుస్తకాన్ని వదిలేసి నన్ను వదలనివాళ్ళు, అందరూ ఉత్తరాలు రాశారు. ఆఫీసు కుర్రాడు సంచీ తెచ్చి బల్ల మీద పెడుతూ, "అమ్మగారూ, ఈసారి మీకు తిట్లు బాగా వచ్చాయండి" అన్నాడు. కవర్లు చింపేది వాడే కాబట్టి వాడికి ముందే తెలుసు. మామూలుగా నాకొచ్చేవి ఫలానా నవల ఎక్కడ దొరుకుతుంది, ఫలానా రచయిత్రి ఇప్పుడు రాస్తున్నారా లాంటి ప్రశ్నలు. ఈసారి ఎవరికీ అవి పట్టలేదు.

ముందే చెబుతున్నాను, కింద జవాబుల్లో కథ బయటపడిపోతుంది. విజయవాడ సత్యనారాయణపురంలో మా నాన్నగారి అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల తీసుకుంటే, మూడో పేజీలోనే ఎవరో పుణ్యాత్ములు పెన్సిల్‌తో 'హంతకుడు వంటవాడే' అని రాసి పెట్టేవారు. నేనిప్పుడు చేస్తున్నది అదే పని. కాకపోతే చెప్పి చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి ఐదు పుస్తకాల సెట్టు తెప్పించుకున్నాను. నెడ్ స్టార్క్ హీరో అనుకుని రాత్రుళ్ళు మేలుకుని చదివాను. మొదటి పుస్తకం ఇంకాస్తలో అయిపోతుందనగా ఆయన తల నరికించేశాడు. పుస్తకం విసిరేశాను. ఇది పాఠకుణ్ణి మోసం చేయడం కాదా? నాలుగు పుస్తకాలు అట్ట కూడా విప్పలేదు.
(బి.టెక్ మూడో సంవత్సరం, వడ్డేశ్వరం హాస్టల్)

జవాబు: నాయనా, గోడకేసి కొట్టావా, మంచం మీదికి విసిరావా? గోడకైతే బైండింగ్ ఊడుతుంది. అంత లావు పుస్తకానికి మళ్ళీ కుట్టు వేయించాలంటే ఈ రోజుల్లో మనిషి దొరకడు.

నీలాంటివాళ్ళని నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. 1980ల్లో చేతబడి నవలలకి జనం ఎగబడేవారు. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ కాగితాలు కత్తిరించి, వరసగా పేర్చి, అట్ట వేయించి అద్దెకిచ్చేవాళ్ళం. రోజుకి పావలా. అలాంటి బైండు పుస్తకం ఒకటి తిరిగొచ్చేసరికి చివర ఎనిమిది పేజీలు లేవు. నాన్నగారు రిజిస్టరు చూసి ఎవరు తీసుకెళ్ళారో పట్టుకున్నారు. మంచి ఉద్యోగస్తుడు, నలగని ఇస్త్రీ చొక్కా. "అంత చిన్నపిల్లకి అలా జరక్కూడదండీ. ఇంకెవరూ చదవకూడదని చింపేశాను" అన్నాడాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా. నాన్నగారు ఆరు రూపాయలు వసూలు చేశారు. తమాషా ఏమిటంటే, ఆ రోజు నుంచి కొత్త సీరియల్ బైండు అయి వస్తే ముందు ఆయన కోసమే దాచేవారు. అదేమిటి నాన్నా అంటే, "అంత కోపం వచ్చిందంటే చదివాడన్నమాటేగా" అన్నారు.

ఇక మోసం సంగతి. ఆ మాట నేను ఒప్పుకోను. మొదటి అధ్యాయాలు మళ్ళీ తిరగెయ్యి. నెడ్ స్టార్క్ మనకి మొట్టమొదట కనిపించినప్పుడు ఏం చేస్తున్నాడు? సైన్యం వదిలి పారిపోయి వచ్చిన ఒకడి తల నరుకుతున్నాడు. శిక్ష వేసినవాడే కత్తి పట్టాలని కొడుక్కి నేర్పుతున్నాడు. ఆ కత్తి పేరు ఐస్. చివర్లో తన తల తీసినది కూడా అదే కత్తి. శిక్ష వేసిన కుర్ర రాజు మాత్రం కత్తి ముట్టుకోడు, సింహాసనం దర్జాలో తలారికి సైగ చేస్తాడు. ఇంకా ముందుకెళ్తే, అడవిలో చచ్చి పడున్న పెద్ద తోడేలు గొంతులో దుప్పి కొమ్ము విరిగి ఉంటుంది. తోడేలు స్టార్క్‌ల ముద్ర, దుప్పి రాజుగారి వంశం ముద్ర. శకునం చూసి కూడా రాజుగారి కొలువులోకి వెళ్ళాడు పెద్దమనిషి. మా అమ్మమ్మ అయితే గడప దాటనిచ్చేది కాదు.

పోనీ శకునాలు వదిలెయ్యి. ఆయన ఎందుకు పోయాడో ఒక్కసారి లెక్క చూసుకో. రాణి పిల్లలు రాజుకి పుట్టినవాళ్ళు కాదని కనిపెట్టాడు. కనిపెట్టి ఏం చేశాడు? రాణి దగ్గరికే వెళ్ళి, రాజు వేట నుంచి వచ్చేలోగా పిల్లల్ని తీసుకుని పారిపో అన్నాడు. పిల్లలు చచ్చిపోతారని జాలి. రాజు చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఈ రాత్రే పిల్లల్ని పట్టుకుందాం అని రాజు తమ్ముడు సలహా ఇచ్చాడు. పిల్లల్ని భయపెట్టనన్నాడు. నమ్మొద్దని తెలిసిన మనిషిని నమ్మి నగరం కాపలాదళం బేరం అతనికి అప్పజెప్పాడు. చివరికి కూతురు ప్రాణం కోసం తను చెయ్యని ద్రోహం చేశానని నలుగురిలో ఒప్పుకున్నాడు. ఒక్కో మెట్టూ ఆయనే దిగాడు. రచయిత తోసింది ఎక్కడ?

నీకు కోపం వచ్చింది, అది వేరే సంగతి. అది మోసపోయిన కోపం కాదు, మనిషి పోయిన కోపం. ఆ రెండో పుస్తకం అట్ట నాలుగు రోజులాగి విప్పు. విప్పకపోయినా తప్పులేదు.

ప్రశ్న: అమ్మా, నేను 34 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా మనవడి దగ్గర ఈ నవల కథ విన్నాను. సజ్జనుణ్ణి చంపించి, దుర్మార్గుల్ని సింహాసనం ఎక్కించి, చదివేవాడికి ఏ ఊరటా ఇవ్వకుండా ముగించే ఈ క్షుద్ర సాహిత్యం మన సంస్కృతికి సరిపడేది కాదు. మీవంటివారు దీన్ని సిఫార్సు చేయడం బాధగా ఉంది.
(విశ్రాంత ఉపాధ్యాయులు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ అక్షరాలు చూసి ముచ్చటపడ్డాను. వత్తు ఒక్కటీ జారలేదు.

మొదట నేను మీకు ఎదురు చెప్పాలనే కూర్చున్నాను. మా అమ్మమ్మగారిది పిడుగురాళ్ళ వైపు. కార్తీకమాసం చివర్లో కారంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ళకి నన్ను రెండుసార్లు తీసుకెళ్ళింది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. నాకు బాగా గుర్తున్నది రాయబారం. సంధి మాట్లాడటానికి వెళ్ళిన అలరాజుకి విషం పెట్టి చంపించిన కథ. నలగాముడికి సాక్షాత్తూ అల్లుడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "రాయబారిని చంపకూడదు కదా అమ్మమ్మా" అంటే, "చంపకూడదు, చంపారు" అంది. ఇంకో మాట లేదు.

12వ శతాబ్దంలో పల్నాట్లో జరిగింది దాయాదుల పోరు. ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. మార్టిన్ తన కథకి ప్రేరణ తీసుకున్నది కూడా 15వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో యార్క్, లాంకాస్టర్ వంశాలు కొట్టుకున్న దాయాదుల పోరు నుంచే. యార్క్‌కి స్టార్క్, లాంకాస్టర్‌కి లానిస్టర్, పేర్లు కూడా చూడండి. కాబట్టి మన సంస్కృతి, వాళ్ళ సంస్కృతి అని గీత గియ్యలేమండీ, బాలచంద్రుడు ముసలివాడై మంచంలో పోలేదు అని రాయబోయాను.

రాయబోయి ఆగాను. ఎందుకంటే మీ ఉత్తరంలో 'ఊరట' అన్న మాట ఉంది. దాని దగ్గర ఆలోచన తెగలేదు.

కారంపూడిలో నేను చూసింది చావు కథే గానీ, ఆ చచ్చినవాళ్ళకి గుడి ఉంది. వీరవిద్యావంతులు ఒక్కొక్కరి పేరూ పాడతారు. ఎక్కడెక్కడినుంచో వీరాచారం ఉన్నవాళ్ళు తమ ఇళ్ళల్లో పూజలో పెట్టుకున్న ఆయుధాలు పట్టుకుని వచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. మా అమ్మమ్మ పక్కన నిలబడ్డ ఒక ముసలామె అలరాజు ఘట్టం వచ్చేసరికి సొంత కొడుకు పోయినట్టు ఏడ్చింది. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం పోయిన మనిషి కోసం! కథ చీకటిదే. కానీ ఆ చీకట్లో ఊరంతా ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని కూర్చుంటారు.

ఈ నవల్లో అది లేదు. నెడ్ స్టార్క్ పోయినప్పుడు ఏడ్చేవాళ్ళు లేక కాదు, ఏడ్చేవాళ్ళు ఒక్కచోట లేరు. పెద్దకూతురు శత్రువు కోటలో బందీ. చిన్నకూతురు జనంలో నక్కి ఉంది. పెద్దకొడుకు యుద్ధంలో, భార్య అతని వెంట. చిన్నపిల్లలిద్దరూ ఎక్కడో ఉత్తరాన ఇంటి దగ్గర. ఇంకో కుర్రవాడు జాన్ ఉత్తరపు సరిహద్దులో మంచుగోడ కాపలాలో. తండ్రి తల కోటగోడ మీద గుచ్చి, పెద్దకూతుర్ని తీసుకెళ్ళి చూడమంటాడు ఆ కుర్ర రాజు. దినం పెట్టే దిక్కు లేదు, పది మందిలో కూర్చుని ఫలానావాడు మంచివాడని చెప్పుకునే వీలు లేదు. మీ మనవడు ఈ కథ మీకెందుకు చెప్పాడో నాకు తెలియదు గానీ, నా అనుమానం, ఒక్కడే మోయలేక చెప్పి ఉంటాడు.

కాబట్టి మాస్టారూ, 'క్షుద్రం' అన్న మాట ఒక్కటీ వెనక్కి తీసుకోండి, మిగతా ఉత్తరం నేను నెత్తిన పెట్టుకుంటాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను 200 పేజీల దగ్గర ఆపేశాను. 13 ఏళ్ళ పిల్లకి పెళ్ళి, ఆ తర్వాత జరిగేవి చదవలేకపోయాను. మా కొలీగ్స్ అంతా "అప్పటి చరిత్ర అలాగే ఉండేది, రియలిస్టిక్‌గా రాశాడు" అంటున్నారు. మీరు కూడా అదే అంటారా?
(ప్రైవేటు ఉద్యోగిని, తెనాలి)

జవాబు: అనను. ఆ పిల్ల డేనెరిస్ భాగాల్లో కొన్ని పేజీలు నేనూ కళ్ళు పక్కకి తిప్పుకుని గబగబా దాటేశాను. టీవీవాళ్ళే ఆ పిల్ల వయసు పెంచుకున్నారు, మనకేం మొహమాటం?

ఇదే మాట మార్టిన్‌ని చాలామంది అడిగారు. యుద్ధాల చరిత్రలో ఆడవాళ్ళ మీద హింస ఎప్పుడూ ఉంది, అది లేకుండా యుద్ధం రాస్తే అబద్ధం రాసినట్టే అన్నది ఆయన సమాధానం. అందులో నిజం లేకపోలేదు. కానీ డ్రాగన్లని, ఏళ్ళ తరబడి సాగే ఎండాకాలాన్ని ఊహించగలిగినవాడు ఆ ఒక్క విషయంలో చరిత్ర చెయ్యి పట్టుకుని నడవటం ఏమిటని నాకూ అనిపిస్తుంది. అవసరమైనచోట రాశాడు, అక్కర్లేనిచోట కూడా రాశాడు. ఇది నా లెక్క.

అయితే ఇంకొకటి కూడా చెప్పాలి. మొదటి నవల్లో తొలి అధ్యాయం పక్కన పెడితే ఎనిమిది మంది కళ్ళలోంచి కథ నడుస్తుంది. అందులో నలుగురు ఆడవాళ్ళే. నెడ్ భార్య కేట్లిన్, కూతుళ్ళు సాన్సా, ఆర్యా, ఇంకా డేనెరిస్. నాకు బాగా నచ్చింది సాన్సా. నవ్వకండి. చదివినవాళ్ళంతా ఆ పిల్లని తిట్టేవాళ్ళే, నాకొచ్చిన ఉత్తరాల్లో కూడా "ఆ సాన్సా వల్లే తండ్రి పోయాడు" అని ముగ్గురు రాశారు. పదకొండేళ్ళ పిల్ల అండీ. పాటల్లో విన్న రాజకుమారుడు నిజమనుకుంది. పల్నాటి యుద్ధానికంతా నాగమ్మే కారణం, పందెం ఒడ్డిన మగవాళ్ళు మాత్రం వీరులు అన్నట్టుంది ఈ న్యాయం.

మీరు ఆపేశారు, మంచిది. 200 పేజీలు చదివి నచ్చలేదనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొలీగ్స్ మళ్ళీ ఎత్తితే టీకి లేచి వెళ్ళండి.

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. ఫ్రెండు దగ్గర ఈ పుస్తకం తెచ్చుకుని దుప్పట్లో టార్చి పెట్టి చదువుతున్నాడు. నేను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు రోజులుగా మాట్లాడటం లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
(ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: అమ్మా, పుస్తకం విషయంలో మీరు చేసింది సరైనదే. అది పెద్దవాళ్ళ కోసం రాసిన నవల, పద్నాలుగేళ్ళవాడికి కాదు. తాళం విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. మా షాపులో పై అరలో అట్టలు తిరగేసి పెట్టిన పుస్తకాలు కొన్ని ఉండేవి, నన్ను ముట్టుకోవద్దనేవారు. ఏ పుస్తకాలు ముందు చదవాలో నాకు అలాగే తెలిసింది.

తాళం తీసి, ముందు మీరు చదవండి. మొత్తం అక్కర్లేదు, ఓ నూరు పేజీలు. అప్పుడు వాడితో కూర్చుని, "ఇందులో ఫలానావి ఉన్నాయి, నీకు రెండుమూడేళ్ళాగి ఇస్తాను" అని చెప్పండి. 'చెడ్డ పుస్తకం' అనకండి, నమ్మడు. మీరు చదివారని తెలిస్తే మాట్లాడకుండా ఉండలేడు, ఎక్కడిదాకా వచ్చారని వాడే అడుగుతాడు.

ఈలోగా వాడికి కావలసింది భయం, వింత, సాహసం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చూపించండి. శిథిలాలయాలు, మాంత్రికులు, నరభక్షకులు, వాటికి చిత్రా గీసిన బొమ్మలు. మా తరానికి నిద్ర పట్టకుండా చేసింది అవే. అప్పట్లో ఎవరూ వాటిని డార్క్ ఫాంటసీ అనలేదు గానీ, నేను మాత్రం దీపం తీసేస్తే ఏడ్చేదాన్ని. ఏడుస్తూనే వచ్చే నెల సంచిక ఎప్పుడని అడిగేదాన్ని.

ఫ్రెండు పుస్తకం ఫ్రెండుకి తిరిగిచ్చేయండి. వాళ్ళమ్మకి కూడా ఓ మాట చెప్పండి.

ప్రశ్న: పేర్లే గుర్తుండటం లేదండీ! ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేలోపు చచ్చిపోతున్నారు.
(బ్యాంకు ఉద్యోగిని, మంగళగిరి)

జవాబు: పెళ్ళయిన కొత్తలో అత్తవారి వైపు చుట్టాలని ఎలా గుర్తుపెట్టుకున్నారు? అందరినీ ఒకేసారి గుర్తుపెట్టుకోలేదు కదా. ఇదీ అంతే. పుస్తకం చివర వంశాల జాబితా ఉంటుంది, ముందు దాన్ని చూడండి. నేనైతే క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను: స్టార్క్ తోడేలు, లానిస్టర్ సింహం, బరాథియన్ దుప్పి, టార్గేరియన్ డ్రాగన్. ఈ నాలుగు ఇళ్ళు పట్టుకుంటే మిగిలినవాళ్ళు బంతిలో పక్కన కూర్చున్నవాళ్ళు. ప్రతి అధ్యాయం మీదా ఎవరి కథో వాళ్ళ పేరే ఉంటుంది కాబట్టి పెద్దగా తప్పిపోరు.

ప్రశ్న: నవల్లో మంచుగోడ 700 అడుగుల ఎత్తు అన్నాడు. నిజంగా అలాంటిది ఎక్కడైనా ఉందా?
(ఇంటర్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: అంత ఎత్తుది లేదు బాబూ. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు క్రీ.శ. 122లో కట్టడం మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ ఉంది, రాతిది, మట్టిది. 1981లో మార్టిన్ దాని మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తూ, ఆ కాలపు సిపాయికి ఇక్కడ ఏమనిపించేదో అనుకున్నాడట. అక్కడ పుట్టింది ఈ గోడ. కొలత కావాలంటే మన స్వరాజ్య మైదానానికి వెళ్ళు. అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు. దాని కింద నిలబడి మెడ ఎత్తి చూసి, అలాంటివి మూడింటిని ఒకదాని మీద ఒకటి పెట్టుకో, ఇంకా తక్కువే పడుతుంది. ఒకప్పుడు అదే మైదానంలో జనవరిలో పుస్తకాల పండగ జరిగేది. నీకు తెలిసి ఉండకపోవచ్చు, నేను మాత్రం అటు వెళ్ళినప్పుడల్లా అలవాటుగా స్టాళ్ళ కోసం చూస్తాను.

ప్రశ్న: సీరియల్ మొత్తం చూసేశాను. ఇంకా పుస్తకం చదవాలా?
(గవర్నర్‌పేట)

జవాబు: 73 ఎపిసోడ్లు చూసిన ఓపికకి నమస్కారం. మొదటి పుస్తకం మాత్రం చదవండి. తెర మీద మనుషులు ఏం చేశారో చూశారు, లోపల ఏమనుకున్నారో ఇక్కడ ఉంది.

ప్రశ్న: నేను ఈ నవలలకి వీరాభిమానిని. ఐదూ మూడేసిసార్లు చదివాను. మీరు నాలుగో పుస్తకం మధ్యలో వదిలేశానని రాయడం చూసి ఆశ్చర్యపోయాను. పూర్తిగా చదవని మనిషి సలహాలు ఎలా ఇస్తారు? పైగా ఆరో పుస్తకం కోసం మేం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నామో మీకు తెలుసా?
(మెడికల్ రిప్రజెంటేటివ్, కొత్తపేట, గుంటూరు)

జవాబు: తెలుసు నాయనా. మొదటిది 1996, రెండోది 1998, మూడోది 2000, నాలుగోది 2005, ఐదోది 2011. ఆరోది ఈ ఉత్తరాలకి జవాబు రాస్తున్న రోజు వరకూ లేదు. మొదట మూడు పుస్తకాల్లో అయిపోతుందనుకున్న కథ ఇది. మీరు పడుతున్న బాధ నాకు అర్థమవుతుంది. అయితే మీరు తెలుగువారు. నన్నయ గారు అరణ్యపర్వం సగంలో భారతాన్ని వదిలి వెళ్ళిపోతే, తిక్కన గారు వచ్చి ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నారు. ఆ ఖాళీ ఎర్రన గారు పూరించేసరికి నన్నయ గారు మొదలుపెట్టి దాదాపు 300 ఏళ్ళు. మనవాళ్ళు ఎవరూ నన్నయ గారిని తిట్టిన దాఖలా లేదు.

నాలుగో పుస్తకం ఎందుకు వదిలేశానో చెబుతాను. కథ మరీ పెరిగిపోయిందని ఆయన దాన్ని రెండుగా కోశాడు. కొయ్యడంలో కాలాన్ని బట్టి కాకుండా మనుషుల్ని బట్టి కోశాడు. లానిస్టర్ల టిరియన్, గోడ కాపలా జాన్, డేనెరిస్, వీళ్ళ అధ్యాయాలు నాలుగో దాంట్లో లేవు, ఐదో దాంట్లోకి వెళ్ళిపోయాయి. మూడు పుస్తకాలు వాళ్ళ కోసం తిరిగినదాన్ని, తలుపు తీసేసరికి ఇంట్లో అందరూ కొత్తవాళ్ళు. ఓ రెండొందల పేజీలు మర్యాదకి కూర్చుని లేచి వచ్చేశాను. అందులో యుద్ధం తర్వాత పాడుపడ్డ పల్లెలు, ఊరూరా తిరిగే బిచ్చగాళ్ళు, సిపాయిగా పోయి చితికిపోయిన మామూలు మనుషులు ఉన్నారని, అదే మొత్తంలో మంచి పుస్తకమని వాదించేవాళ్ళు ఉన్నారు. మీరూ నాలుగు పేజీలు అదే వాదించారు. మీ ఉత్తరం చదివాక మళ్ళీ తీశాను. ప్రస్తుతం 260లో ఉన్నాను. టిరియన్ ఇంకా రాలేదు.

సలహాల సంగతికి వస్తే, మా నాన్నగారు షాపులో ఉన్నవన్నీ చదవలేదు. ఏది ఎవరికి నచ్చుతుందో మాత్రం చెప్పేవారు. పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు ఎన్ని రోజులకి తెచ్చారో రిజిస్టర్లో చూసేవారు. ఒక్కరోజులో తెస్తే అయితే నచ్చింది, లేకపోతే అసలు నచ్చలేదు. వారం ఉంచుకుంటే ఇంట్లో ఇంకెవరో చదువుతున్నారని అర్థం. మీ సెట్టుకి అలాంటి రిజిస్టరు ఉంటే మూడుసార్లూ ఏ పుస్తకం ఎన్నాళ్ళు పట్టిందో చూడాలని ఉంది. నాలుగోది ఎక్కువ రోజులే పట్టి ఉంటుందని పందెం. కోడిపందెం కాదు లెండి.

కొన్ని చిన్న సంగతులు. పాత కాపీ కోసం అడిగినవాళ్ళు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాలు చూడండి. పోయిన వారం మొదటి భాగం రెండు కాపీలు కనిపించాయి, బేరం మీ ఇష్టం. ఒక కాపీలో 65వ అధ్యాయం, అంటే నెడ్ తల పోయే అధ్యాయం దగ్గర పేజీ మడత పెట్టి ఉంది, ఆ తర్వాత పేజీలన్నీ కొత్తవే. ఎవరో అక్కడే ఆగిపోయారు. వడ్డేశ్వరం అబ్బాయిది కాదు కదా అని అనుమానం వచ్చింది.

పోయిన నెల బురుజు మీదనుంచి తోసేయబడ్డ నెడ్ కొడుకు బ్రాన్‌కి ఎనిమిదేళ్ళని రాశాను. ఏడు. ఇది చెబుతూ కార్డు ముక్క రాసిన అమ్మాయి ఆరో తరగతి. ఆ పిల్ల చేతికి ఆ పుస్తకం ఎలా వచ్చిందో వాళ్ళమ్మగారు ఒకసారి కనుక్కుంటే బాగుంటుంది.